సినిమా చదవడం – మూడో పాఠం: ఎవరికి ఏం తెలుసు?

పోయిన పాఠంలో చెప్పిన పని చేసి ఉంటే మీ నోటుబుక్కులో ఇప్పటికి ఒక పేజీ నిండి ఉండాలి. ఇష్టమైన సినిమాలో వెంటాడే ఒక్క సన్నివేశం, మళ్లీ చూడకుండా, పది నిమిషాల్లో జ్ఞాపకం మీద రాసింది. రాయనివాళ్లు ముందు ఆ పని కానిచ్చి రండి. సినిమా మళ్లీ చూశాక రాస్తే చూసిందేదో, గుర్తున్నదేదో కలగాపులగం అయిపోతుంది.

ఇప్పుడు ఆ పేజీ తీసి "అద్భుతం", "గుండె పిండేసింది", "పాత్రలో జీవించేశాడు" లాంటి మాటలన్నీ కొట్టేయండి. అవి మీ గురించి చెబుతాయి తప్ప సన్నివేశం గురించి ఏమీ చెప్పవు. కొట్టివేతలు పోగా మిగిలేవి ఒక చెయ్యి, ఒక వస్తువు, వాన, గుమ్మం. మనకు కావలసిన సరుకు అదే.

ఈ పాఠానికి కె. విశ్వనాథ్ 'సాగర సంగమం' (1983) తీసుకుందాం. చాలామంది పేజీల్లో ఉండే సన్నివేశమే: తాగిన మత్తులో నాట్యకారుడు బాలు బావి గట్టు మీద నాట్యం చేస్తుంటాడు, వాన, ఎదురుగా అతను ఒకప్పుడు ప్రేమించిన మాధవి. ఆమె నుదుటి బొట్టు తడిసి కరిగిపోబోతుంటే అతను అరచెయ్యి అడ్డం పెడతాడు.

ఎందుకు గుర్తుండిపోయింది అంటే వచ్చే జవాబులు మూడు: కమల్ హాసన్ నటన, ఇళయరాజా సంగీతం, ఆ వాన. ఏదీ తప్పు కాదు, కానీ ఏదీ చాలదు. గొప్ప నటన, గొప్ప పాట, కుండపోత వాన అన్నీ ఉండి కూడా మర్నాటికి మరిచిపోయిన సినిమాలు మనం బోలెడు చూశాం.

అసలు కీలకం తెలియాలంటే ఒక పట్టిక గీయాలి. పేజీని అడ్డంగా తిప్పి నాలుగు గడులు పెట్టండి: ఎన్నో నిమిషం, ఏ సంగతి తెలిసింది, ఎవరికి తెలిసింది, ఎలా తెలిసింది. నాలుగో గడిలో మాట, చూపు, వస్తువు – ఈ మూడింట్లో ఒకటే రాయాలి. సినిమా మొదటినుంచి వేసి, పావుగంటకోసారి ఆపి, అప్పటిదాకా సినిమా ఇచ్చినదే నింపండి. మీకు కథంతా ముందే తెలుసు కాబట్టి చేయి ముందుకు పరిగెడుతుంది. తర్వాత తెలిసే సంగతిని ముందే రాసేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు. దాన్ని ఆపడానికే ఆ పావుగంట నియమం.

బొట్టు సన్నివేశం దగ్గరికి వచ్చేసరికి పట్టికలో ఈ వరుసలు ఉండాలి. మాధవికి అంతకుముందే పెళ్లయింది; భర్తతో ఆమెను కలిపి పంపింది బాలూయే. ఇది ఇద్దరికీ తెలుసు, మనకూ తెలుసు. ఆ భర్త ఇప్పుడు లేడు. ఇది మాధవికి తెలుసు, మనకు తెలుసు, బాలుకు తెలియదు. తెలియనివ్వకూడదనే ఆమె బొట్టు పెట్టుకుని వచ్చింది.

ఇప్పుడు ఆ అరచెయ్యి మళ్లీ చూడండి. అతను కాపాడుతున్నది ఆమె సౌభాగ్యాన్ని, అంటే ఒకప్పటి తన త్యాగాన్ని. మనం చూస్తున్నది ఒట్టి కుంకుమను. ఒకే చెయ్యి, అతనికి ఒక అర్థం, మనకు వేరొకటి, ఆమెకు రెండూ. పట్టికలో మూడో గడిలో ఒక పేరు లేకపోవడమే ఆ సన్నివేశాన్ని మోస్తోంది. దీన్ని మనం 'ఎడం' అని పిలుచుకుందాం. నాలుగో గడి కూడా చూడండి: వస్తువు. ఎవరూ నోరు తెరిచి ఏమీ చెప్పనక్కర్లేదు. నిజాన్ని దాచిన వస్తువు నుదుటి మీదే ఉంది కాబట్టి మనం మరిచిపోయే వీలూ లేదు.

ఇక్కడ ఇంకొక సంగతి. రహస్యం చివర్లో విప్పి అదరగొట్టే సన్నివేశం రెండోసారికి సగం చప్పబడుతుంది. ఎడం మీద నిలబడ్డది చప్పబడదు. బాలు చెయ్యి ఎత్తబోతున్నాడని ముందే తెలిసి ఎదురుచూడటం వల్ల ఇంకా పదునెక్కుతుంది.

ఎడం ఏడిపించడానికే అనుకోకండి. 'మాయాబజార్' (1957) రెండో సగానికి ఇదే పట్టిక గీయండి. పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడని మనకు తెలుసు, కౌరవులకు తెలియదు. పెళ్లిలో మాయా శశిరేఖ లక్ష్మణకుమారుడిని రకరకాల రూపాలతో హడలగొడుతుంటే ఎడం మూడంచెలుగా చీలుతుంది: మనకు అంతా తెలుసు, పెళ్లికొడుక్కి ఏదో తేడాగా ఉందని తెలుసు, చుట్టూ ఉన్నవాళ్లకు అతని గోల తప్ప ఏమీ తెలియదు. నవ్వంతా ఆ మధ్య అంచె నుంచి వస్తుంది.

అయితే ఎడాన్ని సాగదీస్తే ప్రేక్షకుడు మరిచిపోయే ప్రమాదం ఉంది. తెర మీద కనిపిస్తున్నది సావిత్రి ముఖమే కదా. అందుకే ఆమె నడకలో, చూపులో ఘటోత్కచుడు వేసిన ఎస్వీ రంగారావు ఠీవి తొంగిచూస్తుంటుంది. 'అహ నా పెళ్ళియంట' పాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు పలుకుతుంది. చమత్కారం అని మురిసిపోయి వదిలేయకండి, అది గుర్తుచేసే సంకేతం. పట్టిక పక్కన మార్జిన్‌లో ఇలాంటి ప్రతి సంకేతానికీ ఒక చుక్క పెట్టండి. చివరికి శకుని, ఎక్కినవాళ్ల చేత నిజమే పలికించే సత్యపీఠం ఎక్కి ఉన్నదంతా కక్కేస్తాడు. ఎడం పూడిపోతుంది, కథ అయిపోతుంది. అది పూడ్చాక సినిమా ఇంకో అరగంట నడిస్తే ఎలా ఉండేదో ఊహించుకోండి.

పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, ఐదు నిమిషాల క్లిప్పు చూసి పట్టిక గీయడం. ఎడానికి కావలసిన సమాచారం గంట ముందే వచ్చి ఉంటుంది. క్లిప్పులో అది ఉండదు, అందుకే విడిగా చూస్తే బొట్టు సన్నివేశం కొందరికి ఒట్టి సెంటిమెంటులా కనిపిస్తుంది. రెండు, వరుసల లెక్క. రెండున్నర గంటల సినిమాకు పది, పన్నెండు వరుసలు వస్తే సరిపోయినట్టే. నలభై దాటితే మీరు కథ రాస్తున్నారు. మూడు నాలుగు వరుసలే వస్తే మాటలతో చెప్పినవే పట్టుకుని, చూపుతోనూ వస్తువుతోనూ చెప్పినవి జారవిడిచారు. శబ్దం తీసేసి మళ్లీ చూస్తే అవి బయటపడతాయి.

ఈ వారం పని: మీ సన్నివేశానికి పట్టిక గీసి, ఎడం ఏ నిమిషంలో తెరుచుకుంది, ఎక్కడ పూడింది, మధ్యలో ఎన్ని చుక్కలు పడ్డాయి అన్నది రాయండి. 'సాగర సంగమం' తీసుకున్నవాళ్లు బాలుకు నిజం మాట, చూపు, వస్తువు – వీటిలో దేని ద్వారా చేరుతుందో కూడా పట్టుకోండి. జవాబు ఇక్కడ ఇవ్వడం లేదు. ఎంత వెతికినా ఎడమే దొరకని సన్నివేశం మీదైతే ఆ పేజీ చించేయకండి. దాని సంగతి బహుశా చెవిలో ఉంటుంది. నాలుగో పాఠం శబ్దం మీదే. ఇయర్‌ఫోన్లు దగ్గర పెట్టుకోండి.