నమ్‌పై 2కి మారేముందు: అంకెల టెస్టుల విషయంలో జాగ్రత్తలు

పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే లైబ్రరీ నమ్‌పై. దాని 2.0 వెర్షన్ విడుదలైంది 2024 జూన్‌లో. మీ లైబ్రరీ ఇంకా 1.26 మీదే ఉంటే, మార్చేటప్పుడు ముందుగా ఫెయిలయ్యేవి అంకెల రకాలను పరీక్షించే టెస్టులే. టెస్టు పోగానే ఆశించిన విలువను మార్చేయడం, టాలరెన్స్ (ఎంత తేడాను ఒప్పుకోవాలనే హద్దు) పెంచేయడం మాత్రం వద్దు. ముందు ఫలితం డీటైప్ (అంకె రకం) ఏమిటో ప్రింట్ చేసి చూడండి.

మారింది రకాన్ని తేల్చే పద్ధతి. యూఇంట్8 (0 నుంచి 255 దాకా పట్టే 8 బిట్ల పూర్ణాంకం) స్కేలర్, అంటే ఒంటరి విలువ, 100కి మామూలు పైథాన్ 200 కలిపితే, పాత వెర్షన్‌లో రకం పెరిగి 300 వచ్చేది. ఇప్పుడు ఆ 200, ఫలితం రెండూ యూఇంట్8లోనే ఉండాలి. మొత్తం 255 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అందుకని 44 (300 − 256) వస్తుంది, వెంట ఒక రన్‌టైమ్ వార్నింగ్. 200 బదులు 300 కలిపితే ఓవర్‌ఫ్లో ఎర్రరే, ఎందుకంటే ఆ 300 అసలు యూఇంట్8లో పట్టదు. అర్రేల్లో (విలువల వరుసల్లో) కూడిక ఇలా హద్దు దాటి పొంగిపోతే ఆ వార్నింగ్ కూడా రాదు. అసలు భయపడాల్సింది దీనికే. టెస్టులు నడిపే పైటెస్ట్‌లో రన్‌టైమ్ వార్నింగ్‌ను ఎర్రర్‌గా మార్చండి. అర్రేలకు 127, 128, 255 లాంటి అంచు విలువలతో విడిగా టెస్టులు రాయండి.

దశాంశాల విషయంలోనూ ఇంతే. ఫ్లోట్32 (32 బిట్ల దశాంశ రకం) స్కేలర్‌కు 3.0 కలిపితే ఇదివరకు ఇంకా కచ్చితమైన ఫ్లోట్64 వచ్చేది, ఇప్పుడు ఫ్లోట్32గానే ఉంటుంది. విలువలు దగ్గరగా ఉన్నాయా అని చూసే అసర్ట్ ఆల్‌క్లోజ్‌లో ఆర్‌టాల్ (విలువకు తగ్గ నిష్పత్తిలో ఒప్పుకునే తేడా) డిఫాల్ట్ 1ఇ-7, ఫ్లోట్32 ఎప్సిలాన్ (1కీ దాని తర్వాతి ఫ్లోట్32 విలువకీ మధ్య తేడా) దాదాపు 1.19ఇ-7. చివరి బిట్ ఒక్కటి తేడా వచ్చినా టెస్టు పోవచ్చు. ఆ లెక్కకు ఫ్లోట్32 చాలనుకుంటే ఆర్‌టాల్ 1ఇ-6 పెట్టండి, కారణం కామెంట్‌లో రాయండి. ఫ్లోట్64 కావాల్సిన చోట టెస్టును ముట్టుకోకండి. కోడ్‌లోనే రకాన్ని స్పష్టంగా మార్చండి. ఆశించిన విలువ సున్నా అయితే ఆర్‌టాల్ ఎంత పెంచినా పని చేయదు, ఏటాల్ (విలువతో సంబంధం లేకుండా ఒప్పుకునే తేడా) ఇవ్వాల్సిందే. దాని డిఫాల్ట్ 0.

అర్రేలు సమానమా అని చూసే అసర్ట్ అర్రే ఈక్వల్ డీటైప్‌ను పట్టించుకోదు. 3, 3.0 దానికి ఒకటే. దాని స్ట్రిక్ట్ ఆప్షన్‌ను ట్రూ చేస్తేనే రకాన్ని చూస్తుంది, స్కేలర్‌ను అర్రేతో పోల్చినప్పుడు ఆకారాన్నీ చూస్తుంది. 1.24 నుంచీ ఉన్న ఈ సదుపాయాన్ని చాలా టెస్టుల్లో ఎవరూ వాడరు, 1.26 మీద ఉండగానే పెట్టేస్తే ఏ రకం ఎక్కడ మారిందో తర్వాత ఇట్టే దొరుకుతుంది.

64 బిట్ల విండోస్‌లో డిఫాల్ట్ పూర్ణాంకం ఇంట్32 నుంచి ఇంట్64 అయింది. విండోస్‌లో టెస్టులు దాటేయమని పెట్టిన స్కిప్‌లు తీసేసి మళ్లీ నడపండి. డాక్‌టెస్టుల్లో (డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణలను నడిపి చూసే టెస్టులు) 3.0 బదులు ఎన్‌పీ.ఫ్లోట్64(3.0) అని కనిపిస్తే అది ప్రింటు తీరు మాత్రమే, లెక్క తప్పు కాదు.

పాత నమ్‌పైతో కంపైల్ చేసిన సీ ఎక్స్‌టెన్షన్లు (సీ భాషలో రాసిన భాగాలు) 2.0లో నడవవు. కాబట్టి వేరే ఎన్విరాన్‌మెంట్ తయారుచేసి, ఎక్స్‌టెన్షన్లను మళ్లీ బిల్డ్ చేశాకే టెస్టులు మొదలుపెట్టండి.