పుంజు తొక్కుడుకి పెట్టల వీపు బోడి అవుతుంటే ఏం చేయాలి

విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ తర్వాత సంక్రాంతి, కనుమ, మధ్యలో ఊరూరా గ్రామదేవతల పండగలు. నాటు పుంజుకి మంచి ధర పలికే రోజులు అవే కదా, అందుకని పుట్టిన పుంజు పిల్లలన్నిటినీ అమ్మకుండా పెరట్లో ఉంచేస్తాం. ఐదో నెల దాటేసరికి అవి వయసుకొస్తాయి, ఉన్న ఏడెనిమిది పెట్టల మీద నాలుగైదు పుంజులు పోటీ పడి ఎక్కుతాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెట్టల వీపులు బోడి అవడానికి నేను చూసినంతలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. మందులు, నూనెలు అని తిరిగే ముందు పుంజుల లెక్క చూసుకోండి.

కానీ అది పుంజు పనేనా అని తేల్చుకోవాలి కదా. చీకటి పడ్డాక పెట్టలు గూట్లో చేరాక ఒక్కొక్కదాన్ని చేతిలోకి తీసుకుని టార్చ్ వేసి చూడండి, ఆ టైంలో అవి కంగారు పడవు. పుంజు ఎక్కేటప్పుడు ముక్కుతో తల వెనక ఈకలు పట్టుకుని, రెండు కాళ్లు వీపు మీద ఆనించి తొక్కుతుంది. అందుకే తల వెనక, వీపు మీద, రెక్క ఒంటికి అతికే చోట, ఈ మూడు చోట్లే ఈకలు పోతాయి. వీపు మీద తోక వైపు నుంచి మెడ వైపుకి వేలు పోనివ్వండి. ఈక పూర్తిగా ఊడిపోకుండా విరిగితే దాని కాడ మొదలు చర్మంలోనే ఉండిపోయి వేలికి గరుకుగా తగులుతుంది, చుట్టూ చర్మం ఎర్రగా మందంగా అయి ఉంటుంది, అక్కడ చెయ్యి పడగానే పెట్ట ముడుచుకుపోతుంది. ఇలా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, పుంజు తొక్కుడే.

ఏడాదికోసారి ఈకలు రాల్చే కాలం అయితే తల, మెడ దగ్గర మొదలై ఒంటికి రెండు వైపులా ఒకేలా రాలతాయి, గుడ్లు తగ్గిపోతాయి లేదా ఆగిపోతాయి, కొత్త ఈకలు ముళ్లలా పొడుచుకొస్తుంటాయి. పేలయితే మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో తెల్లటి గుడ్లు గుత్తులుగా కనబడతాయి. తోక మొదట్లో మాత్రమే బోడిగా ఉంటే తోటి పెట్టలు పీకుతున్నాయేమో చూడండి.

విరిగిన ఈక గురించి ఒక ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. ఈక మొదలంటా ఊడి వచ్చేస్తే ఆ గుంటలోంచి కొన్ని వారాల్లో కొత్తది మొలుస్తుంది. విరిగి కాడ లోపలే ఉండిపోతే మాత్రం మళ్లీ ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అక్కడ కొత్తది రాదు. పుంజుని తీసేసి రెండు నెలలైనా వీపు అలాగే ఉందే అని టెన్షన్ పడకండి, ఆ మొదళ్లను మీరు పీకే పని అసలు పెట్టుకోకండి, దానికి నరకం.

సరే, పుంజుల లెక్క. ఎనిమిది నుంచి పది పెట్టలకి ఒక్క పుంజు చాలు. మిగతావి పండగ దాకా ఉండాల్సిందే అంటే ఉంచండి, కానీ మూడు నాలుగు నెలల వయసులోనే వేరు చేసేయండి. దానికి షెడ్డు కట్టక్కర్లేదు. వెదురు దడి కట్టి పైన పాత చేపల వల కప్పితే సరిపోతుంది, తీరం వైపు ఊళ్లలో పాత వల ఎవరిని అడిగినా ఇస్తారు, శ్రీకాకుళం కొబ్బరి తోటల ఉద్దానం వైపైతే కొబ్బరి మట్టలకి కొదవే లేదు. దడి లోపలున్న పుంజులకి పెట్టలు కనబడకపోతే అవి వాటిలో అవి కొట్టుకోవడం కూడా తగ్గుతుంది కాబట్టి పెట్టలు తిరిగే వైపు దడికి మట్టలు అడ్డం కట్టండి.

గుడ్లు తినడానికో అమ్ముకోడానికో అయితే అసలు పుంజే అక్కర్లేదు, పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. పిల్లలు కావాలంటేనే పుంజు. అప్పుడు కూడా రోజూ కలిపి ఉంచాల్సిన పని లేదు, ఎందుకంటే ఒకసారి కలిశాక పుంజు వీర్యం పెట్ట కడుపులో పది రోజుల నుంచి రెండు వారాల దాకా నిలవ ఉంటుంది. వారానికి ఒకట్రెండు రోజులు వదిలితే పొదగేయడానికి పనికొచ్చే గుడ్లు వస్తాయి. అయితే విడిగా ఉన్న పుంజుని వదిలినప్పుడు మొదటి గంట అక్కడే ఉండి చూడండి, అది ఒకే పెట్ట వెంట పడుతుంటే ఆ పెట్టని గంప కింద పెట్టేయండి. ఏ పుంజుకైనా ఇష్టమైనవి ఒకటో రెండో ఉంటాయి, వీపు ముందు పోయేది వాటికే.

ఏ పుంజుని ఉంచుకోవాలి అంటే, అందంగా ఉన్నది కాదు, నెమ్మదైనది. ఒక రెక్క కిందికి దించి పెట్ట చుట్టూ తిరిగేది, గింజ దొరికితే తను తినకుండా కొక్కొక్కొమని పెట్టల్ని పిలిచేది మంచి పుంజు. పెట్ట అరుస్తూ పారిపోతున్నా తరిమి జుట్టు పట్టి ఈడ్చేది కూరకే మంచిది. కుర్ర పుంజులు కాస్త మొరటుగానే ఉంటాయి, వయసు మీద కొన్ని మారతాయి గానీ ఆ కొన్ని నెలలు పెట్టలు పడే బాధ ఎవరు పడతారు? బరువు కూడా చూసుకోండి. కిలోన్నర లేని చిన్న నాటు పెట్టల మీదకి మూడు కిలోలు దాటే వనరాజా, అసీల్ లాంటి పెద్ద జాతి పుంజుని వదలడం అన్యాయం.

ఉంచుకున్న పుంజు గోళ్లు, కాలి వెనక ముల్లు మొద్దుబార్చాలి. రాత్రి పూట దాన్ని గుడ్డలో చుట్టి ఒకరు పట్టుకుంటే ఇంకొకరు ఆకురాయితో ముల్లు కొనని గుండ్రంగా అరగదీయాలి. కొన వరకే సుమా. ముల్లు లోపల ఎముక, రక్తం ఉంటాయి, కత్తితో మొదటికి కోసేస్తే రక్తం ఆగదు. పొరపాటున రక్తం వస్తే పసుపు అద్ది గట్టిగా నొక్కి పట్టుకోండి.

బోడి అయిన పెట్టకి వీపు గుడ్డ కట్టడం మంచి ఉపాయం. పాత జీన్స్ ప్యాంటు గుడ్డ దీనికి బాగుంటుంది, పల్చటి నూలు గుడ్డ గోళ్లకి ఆగదు. నాటు పెట్టకి సుమారు ఆరంగుళాల వెడల్పు, ఏడంగుళాల పొడవు పడుతుంది గానీ మీ పెట్ట మీదే కొలవండి. మెడ మొదలు నుంచి తోక ముందు దాకా రావాలి, తోక మొదట్లో ఉన్న నూనె బుడిపె మీదకి రాకూడదు, అక్కడి నూనెతోనే అది ఈకలు సర్దుకుంటుంది. మెడ వైపు సన్నగా, తోక వైపు వెడల్పుగా కత్తిరించి రెండు పొరలు కుట్టండి. ఎలాస్టిక్ ముక్క ఒక కొస మెడ మూలకి, ఇంకో కొస అదే వైపు అంచు మధ్యలో కుడితే ఒక ఉచ్చులా వస్తుంది, రెండో వైపూ అంతే. వాటిలోంచి రెక్కలు దూర్చాలి. ఎలాస్టిక్ కింద వేలు సులువుగా దూరాలి, లేకపోతే రెక్క కింద ఒరుసుకుపోయి కొత్త పుండు పడుతుంది. ఎర్ర గుడ్డ వద్దు, మిగతావి పొడుస్తాయి. మొదట్లో పెట్ట వెనక్కి వెనక్కి నడుస్తుంది, విదిలించుకుంటుంది, తర్వాత అలవాటు పడుతుంది. వారానికోసారి విప్పి కింద పేలున్నాయేమో చూడండి. అక్టోబరు, నవంబరులో తుపాను ముసురు పట్టినప్పుడు తడి గుడ్డ ఒంటి మీద ఉంచకండి. ఈ గుడ్డ వీపుని, రెక్కల మొదళ్లని కాపాడుతుంది గానీ తల వెనక భాగాన్ని కాపాడదు, దానికి పుంజుని దూరం పెట్టడమే.

పుండు ఉంటే గుడ్డ కట్టొద్దు. రెక్క ఎత్తి చూడండి, పుంజు ముల్లు గీసుకున్న చీలిక చాలాసార్లు ఈకల కింద కనబడకుండా ఉంటుంది. కాచి చల్లార్చిన ఉప్పు నీళ్లతో కడిగి బెటాడిన్ పూసి వేరే గంప కింద ఉంచండి, రక్తం కనబడితే తోటి కోళ్లే పొడిచి చంపుతాయి. ఈగలు వాలకుండా చూసుకోవాలి, వానాకాలంలో పురుగు పట్టడం ఎంతో సేపు కాదు. చీలిక లోతుగా ఉంటే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి కుట్టు వేయించండి, కోడే కదా అనుకోవద్దు.

ఈకలో ఎక్కువ భాగం మాంసకృత్తులే. ఒట్టి నూకలు, తవుడు, చోళ్లతో (రాగులతో) కొత్త ఈకలు రావు. ఎండు చేపల పొడి, నూనె తీశాక మిగిలే నువ్వుల చెక్క, వేరుశనగ చెక్క కొంచెం కొంచెం కలపండి, బూజు పట్టిన చెక్క మాత్రం వద్దు. చెదలు దొరికితే ఇంకా మంచిది. బూడిద, ఇసుక కలిపి ఒక గుంతలో పోస్తే అవే పొర్లి పేలు దులుపుకుంటాయి.

కొత్త ఈకలు ముళ్లలా వచ్చే రోజుల్లో పుంజుని అసలు కలపకండి. ఆ ఈక ముల్లులో రక్తం ఉంటుంది, విరిగితే కారుతుంది. అవి పూర్తిగా విచ్చుకుని వీపు కప్పేశాక గుడ్డ తీసేయండి, వేరుగా ఉంచిన పెట్టని చీకటి పడ్డాక గూట్లో మిగతా వాటి పక్కన కూర్చోబెట్టండి, పొద్దున్న లేచి ఒక అరగంట చూడండి.