వదిన టీషర్టు వెతికేవాళ్లకి మన షాపు కనపడాలంటే

బెంగళూరు మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ట్రాఫిక్ ఊరికే దొరుకుతుంది. నా టీషర్టుల షాపుకే మూడు నెలలు దొరకలేదు.

మాది మదనపల్లి. మా బిల్డింగ్‌లో పక్కింట్లో కడపవాళ్లు, కింద నెల్లూరువాళ్లు. కన్నడ మాట్లాడేది ఇంటి ఓనరు ఒక్కరే, అద్దె అడిగేటప్పుడు మాత్రం ఆయనా తెలుగులోనే అడుగుతారు. ఇలాంటి చోట తెలుగు టీషర్టులు అమ్ముడుపోవా అనుకుని ఆన్‌లైన్ షాపులు పెట్టుకునే షాపిఫైలో షాపు తెరిచాను. సరుకు కొని ఇంట్లో పెట్టుకునే పని లేదు. ఆర్డరొచ్చాకే ప్రింట్ చేసి పంపేవాళ్లు ఉన్నారు: తిరుప్పూర్‌లో క్విక్‌ఇంక్, చెన్నైలో ప్రింట్‌రోవ్ లాంటివాళ్లు. ఏఐతో అరవై డిజైన్లు గీయించాను. కూలింగ్ గ్లాసుల సింహాలు, నియాన్ గోపురాలు. వచ్చిన ఆర్డరు ఒక్కటి, అదీ మా తమ్ముడిది.

నా తప్పేంటంటే, ఏఐని బొమ్మలు గీయడానికి పెట్టాను. దాన్ని పెట్టాల్సింది జనం వెతికే మాటలు పట్టుకోవడానికి.

ముందు ఆ మాటలు పోగెయ్యండి. గూగుల్ సెర్చ్‌లో, బొమ్మలు వెతుక్కునే పింటరెస్ట్ సెర్చ్‌లో "బావకి గిఫ్ట్" అని సగం కొట్టి ఆగితే కింద వరసగా సలహాలొస్తాయి. అవి నోట్స్‌లోకి ఎక్కించండి. వాట్సాప్‌లో మిమ్మల్ని అడిగినవాళ్ల మాటలు కూడా, అక్షరం మార్చకుండా. "ప్రీమియం కాటన్ తెలుగు టైపోగ్రఫీ" అని ఎవరూ వెతకరు. "వదిన సీమంతానికి టీషర్ట్" అని వెతుకుతారు.

ఇక్కడో చిక్కుంది. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు, ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. వదినలో వీ తర్వాత ఒకరు ఏ పెడితే ఇంకొకరు ఓ పెడతారు. మరదలులో డీ ఒక్కటే కొందరికి, పక్కన హెచ్ లేకపోతే తృప్తి ఉండదు కొందరికి. ఏఐ బాగా పనికొచ్చేది ఇక్కడే. నేను అడిగేది ఇలా:

"వదిన అనే మాటని కోస్తావాళ్లు, సీమవాళ్లు, తెలంగాణవాళ్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎన్ని రకాలుగా టైప్ చేస్తారో రాయి. అనుమానం ఉన్నదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టు."

వచ్చినవాటిని మళ్లీ సెర్చ్‌లో కొట్టి చూస్తాను. సలహాగా వచ్చిన స్పెల్లింగులే ఉంచుతాను. వాటిలో ఒకటి టైటిల్‌లోకి, ఒకటి వివరణలోకి, ఒకటి ఫొటోలో ఏముందో చెప్పే ఆల్ట్ టెక్స్ట్‌లోకి. అన్నీ ఒకేచోట కుక్కితే చదివేవాళ్లకి పిచ్చెక్కుతుంది.

ఇంకో జాగ్రత్త. ఇంగ్లిష్‌లో వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు అందరూ ఒక్కటే, సిస్టర్ ఇన్ లా. ఏఐ బుర్రలోనూ అంతే. వదిన టీషర్టుకి వివరణ రాయమంటే "మీ భర్త ముద్దుల చెల్లెలికి" అని రాసిచ్చింది. అలాగే పెట్టేసి ఉంటే మా అత్తగారింట్లో నాకు అన్నం పుట్టేది కాదు. ఇప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో పది లైన్లు రాసిపెట్టుకుని ప్రతిసారీ ముందు అది అతికించి, ఆ తర్వాతే పని చెబుతాను.

తెలుగు అక్షరాలు మాత్రం ఏఐతో గీయించకండి. నా ఉగాది డిజైన్‌లో "శుభాకాంక్షలు" అన్న మాటలో క్ష ఉండాల్సిన చోట జిలేబీ లాంటిదేదో గీసింది. ఫోన్‌లో చిన్నగా చూసి బాగానే ఉందనుకున్నాను. శాంపిల్ చేతికొచ్చాక మా మామగారు కళ్లజోడు సర్దుకుని, "ఇది ఏ భాషమ్మా?" అన్నారు. బొమ్మ వరకే ఏఐది. అక్షరాలు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర, మండలి, సురవరం లాంటివాటితో నేనే పెడతాను. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలని పాత్‌గా, అంటే గీసిన బొమ్మలా, మార్చాకే ఫైల్ తీయండి, లేకపోతే వత్తులు ఎక్కడో చోట చెదురుతాయి. 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600 బై 4800 పిక్సెళ్లు, బ్యాక్‌గ్రౌండ్ లేని పీఎన్‌జీ ఫైల్. సినిమా డైలాగులు, హీరోల మొహాలు అసలొద్దు. హక్కులు వాళ్లవి, నోటీసు మనది.

పేజీలోని వివరణ సంగతి. ఒకే వివరణని ఏఐతో అటూఇటూ తిప్పించి నలభై టీషర్టులకి పెట్టాను. మన పేజీలు గూగుల్‌లో ఎలా ఉన్నాయో చూపించే సెర్చ్ కన్సోల్‌లో చూస్తే చాలా పేజీల ఎదురుగా "క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్" అని ఉంది. గూగుల్ వచ్చి చూసి పక్కన పెట్టేసిందన్నమాట. ర్యాంకుల కోసం కుప్పలుగా దింపే పేజీలని గూగుల్ 2024 మార్చిలోనే స్పామ్ కింద చేర్చింది, ఏఐ రాసినా మనిషి రాసినా ఒకటే. ఇరవై ఐదు పేజీలు తీసేశాను. మిగతావాటికి నేను ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసి, దాన్ని సర్దే పని ఒక్కటే ఏఐకిచ్చాను. గుడ్డ ఎంత మందం, ఉతికితే ఏమవుతుంది, పొట్ట ఉన్నవాళ్లు ఏ సైజు తీసుకోవాలి, ఇవి నాకు తెలుసు, దానికి తెలియవు.

నాకు ఎక్కువమంది వచ్చేది పింటరెస్ట్ నుంచి. రీల్ రెండ్రోజుల్లో చప్పబడుతుంది, పిన్, అంటే పింటరెస్ట్‌లో పెట్టే బొమ్మ, నెలల తరబడి వెతుకులాటలో తేలుతూనే ఉంటుంది. సైజు 1000 బై 1500 పిక్సెళ్లు. ఒక టీషర్టుకి నాలుగైదు పిన్‌లు, ఒక్కోదానికి ఒక్కో సందర్భం: సీమంతం, గృహప్రవేశం, రాఖీ. పండగకి నెలన్నర ముందే మొదలెట్టాలి, ఉగాదికైతే ఫిబ్రవరి మొదట్లోనే. టైటిళ్లు ఏఐ పది రాస్తే ఒకటి నిలుస్తుంది, చాలు. ఫొటోలకి మాత్రం ఏఐ గీసిన మనుషుల్ని పెట్టడం మానేశాను. అలాంటి బొమ్మలకి పింటరెస్ట్ "ఏఐ మాడిఫైడ్" అని చీటీ అంటిస్తోంది. పొద్దున ఏడింటికి మేడమీద, నీళ్ల ట్యాంకు పక్కన, మా ఆయన్ని నిలబెట్టి తీసిన ఫొటోకే ఎక్కువ క్లిక్కులు.

మన సరుకుని గూగుల్‌లో చూపించుకునే గూగుల్ మర్చంట్ సెంటర్‌లో కూడా చేరండి, ఉచిత లిస్టింగులున్నాయి. మన సొంత డిజైన్‌కి బార్‌కోడ్ నంబరు ఉండదు కాబట్టి ఐడెంటిఫయర్ (వస్తువుని గుర్తించే నంబరు) లేదని చెప్పాలి, దొంగ నంబరు వెయ్యకూడదు. రిటర్న్ పాలసీ, కాంటాక్ట్ పేజీలు ముందే ఉండాలి.

ప్రతి ఆదివారం సెర్చ్ కన్సోల్‌లో గడిచిన 28 రోజుల్లో జనం వెతికిన మాటలు దించుకుంటాను. చాలాసార్లు కనపడి ఒక్క క్లిక్కూ రానివి, గూగుల్‌లో స్థానం ఎనిమిదికీ ఇరవైకీ మధ్యలో ఉన్నవి వేరు చేసి ఏఐ ముందు పెడతాను: "ఇది వెతికినవాళ్లకి ఏం కావాలి? నా పేజీలో ఏది లేదు?" పోయిన వారం ఆ జాబితాలో తోడికోడళ్ల జత టీషర్టులు కనపడింది. నా దగ్గర అలాంటిది లేనే లేదు. వెంటనే కేఆర్ పురంలో ఉన్న మా తోడికోడలికి ఫోన్ చేశాను.

"అక్కా, ఆదివారం మేడమీద ఫొటోకి వస్తావా, ఇద్దరం ఒకేరకం టీషర్టులు."

"వస్తాలే. బిర్యానీ నువ్వే తెప్పించాలి. ఆ ట్యాంకు పక్కన మాత్రం నిలబడను."