ఇరవై నాలుగు గొంతుల వాన: నాలుగు నిమిషాల బృందగానం

కావలసినవి: శ్రుతిపెట్టె, 24 మంది. ఎనిమిదేసి మంది చొప్పున వాన, పాట, కప్పల జట్లుగా విడదీయండి. బరువు గొంతులను కప్పల జట్టులో వేయండి. ఆదితాళం (ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల తాళం), సెకనుకు ఒక అక్షరం. ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టుకు, 8 సెకన్లు, మొత్తం 30 ఆవర్తనాలు. పాట జట్టులో ఆడపిల్లలుంటే ఐదు శ్రుతి (G) హాయిగా ఉంటుంది.

మొదటి 5 ఆవర్తనాలు కీచురాళ్లు: కప్పల జట్టు నాలుక పళ్లకు ఆనించి సన్నగా 'స్‌స్' అనాలి. దాని మీద ఒక్క గొంతే కోయిల. 'కుహూ' అంటూ జారుగా ఎక్కాలి, ప్రతిసారీ ఇంకాస్త పైనుంచి మొదలుపెట్టి ఏడెనిమిది కూతల తర్వాత టక్కున ఆపేయాలి. స్వరస్థానాల్లో మెట్లు మెట్లుగా పాడితే అది సంగీత పాఠమే అవుతుంది.

తర్వాత వాన. అరచేతులు రుద్దడం, చిటికెలు, తొడల మీద చరుపులు, పాదాల తొక్కుడు: రెండేసి ఆవర్తనాలు. దిగేటప్పుడు చరుపులు, చిటికెలు, రుద్దడం, మళ్లీ రెండేసి. చాలా బృందాలు చెడేది చిటికెల దగ్గరే. పక్కవాళ్లను వింటూ తెలియకుండానే అందరూ ఒకే లయలోకి వచ్చేస్తారు, చినుకులు కాస్తా కవాతు అవుతాయి. కలిసి పాడటం నేర్చినవాళ్లకు విడిగా ఉండటం కష్టం. కళ్లు మూయించి, ఎవరి లెక్క వాళ్లను మనసులో వేసుకోమనండి. చెక్క వేదికైతే నలుగురు తొక్కితే చాలు.

ఆ తర్వాత రుద్దుడు ఆపకుండానే 6 ఆవర్తనాల పాట, అమృతవర్షిణి రాగంలో, సాహిత్యం లేకుండా అకారంతో ('ఆ' అంటూ). వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితర్ ఈ రాగం పాడితే తమిళనాడులోని ఎట్టయపురంలో వాన కురిసిందని ఐతిహ్యం. ఆరోహణ ఒక ఆవర్తనం: స – గ మ ప ని స –. అవరోహణ ఒకటి: స – ని ప మ గ స –. నలుగురు మొదలుపెట్టిన ఆవర్తనం తర్వాత మిగతా నలుగురు అందుకోవాలి. నాలుగో, ఐదో అక్షరాల్లో ప్రతిమధ్యమం (మ), పంచమం (ప) ఒరుసుకుంటాయి. అపశ్రుతి అనుకుని పిల్లలు గొంతు సవరించుకోబోతారు. ముందే చెప్పి, ఆ రెండు స్వరాలనే పదిసార్లు పట్టి నిలబెట్టించండి. రెండు జట్లూ రెండేసి సార్లు పాడాక, ఆరో ఆవర్తనంలో అందరూ షడ్జమం (స).

చివరి 5 ఆవర్తనాలు కప్పలు. నలుగురు 'బెక' అంటే, ఆ సందులో ఇంకో నలుగురు. పక్కపక్క కప్పలు చాలాసార్లు అలాగే ఒకదాని ఖాళీలో ఒకటి అరుస్తాయి. గొంతు నొక్కిపెట్టి గరగరలాడించకూడదు, బొంగురుపోతుంది. మంద్రంలో (కింది స్థాయిలో), పొట్టిగా, పెదవుల దగ్గర అనాలి. సాధన ఒకసారికి రెండు నిమిషాలు దాటనివ్వకండి. ఆఖరి ఆవర్తనంలో ఒక్కొక్కరే మానేస్తూ, ఒక్క కప్పతో ఆగాలి.