"ఇది నేచురల్ సెలెక్షన్ వల్లే" అని ఎవరైనా అంటే ఎలా చెక్ చేయాలి

నేచురల్ సెలెక్షన్ అంటే, బతకడానికి, పిల్లల్ని కనడానికి పనికొచ్చే లక్షణాలున్నవే తరతరానికీ పెరుగుతూ పోవడం. ఏ లక్షణం చూపించినా "బతకడానికి పనికొచ్చింది కాబట్టే ఉంది" అని ఠక్కున ఒక కథ అల్లేసేవాళ్ళు ఉంటారు కదా. కథ బాగుంటే చాలు నమ్మేస్తాం, నేనూ చాలాసార్లు నమ్మాను. ఇప్పుడైతే ముందు కొన్ని అడుగుతా.

మొదట, ఆ లక్షణం సొంతంగా నెగ్గిందా, వేరేదాని వెనకాల వచ్చిందా? రక్తం ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు వల్ల లాభమేంటని బుర్ర బద్దలుకొట్టుకోకండి, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ రంగే అది, పనికొచ్చింది మోయడం, రంగు ఊరికే వచ్చింది. ఎలియట్ సోబర్ అనే ఫిలాసఫర్ 1984లో ఈ తేడానే పట్టుకున్నాడు: ఏది ఎంపికైంది అన్నది వేరు, ఏ గుణం వల్ల ఎంపికైంది అన్నది వేరు.

రెండోది, అసలు సెలెక్షన్ లేకుండా కూడా ఇలా అయ్యుండేదా? 1968లో జన్యుశాస్త్రవేత్త కిమురా చెప్పింది ఇదే, డీఎన్ఏ స్థాయిలో నిలబడిపోయిన మార్పుల్లో చాలావరకు లాభం నష్టం ఏమీ లేనివి, కేవలం అదృష్టం కొద్దీ వ్యాపించినవి అని. ఎంత శాతం అన్నదాని మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది లెండి.

అన్నిటికంటే ముఖ్యం, కారణాన్ని కదిపితే ఫలితం కదులుతోందా? ఇంగ్లండ్‌లో పెప్పర్డ్ మాత్ అనే రెక్కల పురుగు సంగతి చూడండి, ఫ్యాక్టరీల మసి పెరిగినప్పుడు నల్లవి పెరిగాయి, 1950ల తర్వాత గాలి శుభ్రపడేకొద్దీ మళ్ళీ తగ్గాయి. మసి పట్టిన చెట్ల మీద లేత రంగువి పక్షులకు తేలిగ్గా కనబడి దొరికిపోతాయన్నది దీనికి చెప్పే కారణం. అయినా "పక్షులే కారణం" అని వెంటనే అనకూడదు, శాస్త్రవేత్త కెటిల్‌వెల్ పాత ప్రయోగాల్లో పురుగుల్ని చెట్ల మొదళ్ళ మీద పెట్టిన తీరు మీదే విమర్శలొచ్చాయి. అందుకే మైకేల్ మజెరస్ అనే జీవశాస్త్రవేత్త కేంబ్రిడ్జ్ దగ్గర ఏళ్ళ తరబడి 4,864 పురుగుల్ని వదిలి చూశాడు. అప్పటికి గాలి శుభ్రపడింది కాబట్టి చెట్ల మీద తేలిగ్గా కనబడే నల్లవాటినే పక్షులు ఎక్కువ తిన్నాయి. ఇలా నిలబడితే సెలెక్షన్ అని ధైర్యంగా అనొచ్చు.

చివరగా, పనికొచ్చేదైతే వచ్చి తీరుతుందని అనుకోకండి. సెలెక్షన్ ఉన్నవాటిలోంచే ఏరుతుంది, కొత్తది తయారుచేసి ఇవ్వదు. లెన్స్కీ అనే జీవశాస్త్రవేత్త 1988లో ఒకే ఈ-కోలై బ్యాక్టీరియా నుంచి 12 గుంపులు మొదలుపెట్టాడు, అన్నిటి ముందూ సిట్రేట్ అనే తిండి రోజూ ఉంది, కానీ ఆక్సిజన్ ఉండగా దాన్ని తినడం వచ్చింది ఒక్క గుంపుకే, అదీ 30 వేల తరాలు దాటాక. ఫ్రీజర్‌లో దాచిన ఆ గుంపు పాత శాంపిల్స్ నుంచి మళ్ళీ మొదలుపెడితే, తర్వాతి తరాలవాటికి ఆ గుణం మళ్ళీ వచ్చింది గానీ మొదటి తరాలవాటికి రాలేదు, ముందు వేరే మార్పులు పడితే తప్ప.