చనిపోయిన భర్త భార్య పక్కనే కూర్చున్న షాట్ ఫోన్‌తో ఎలా తీయాలి?

షార్ట్ ఫిలిం తీసే ప్రతి కుర్రాడూ ఒక్కసారైనా ఈ కథ రాస్తాడు. భర్త పోతాడు, భార్యను వదల్లేక ఇంట్లోనే తిరుగుతుంటాడు, ఆవిడకు కనిపించడు. కథలో తప్పేం లేదు. తీరా తెర మీద చూస్తే తెల్ల లాల్చీ, మొహానికి అంగుళం మందాన పౌడరు, గది నిండా పొగ, ఆ పొగలో సగం కనపడే మనిషి! ఏడవాల్సిన చోట జనం నవ్వుతారు. ఇలాంటి ఫుటేజీ బాగుచెయ్యమని నా దగ్గరికి తెచ్చేవాళ్లకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

1990లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ఘోస్ట్’ గుర్తు తెచ్చుకోండి. హీరో ప్యాట్రిక్ స్వేజీ చచ్చిపోయాక కూడా మామూలు మనిషిలాగే ఉంటాడు, పోయిన రాత్రి వేసుకున్న చొక్కాతోనే తిరుగుతాడు. తలుపులోంచి దూరేటప్పుడో, రైల్లో మనుషుల మధ్య నుంచి వెళ్లేటప్పుడో తప్ప ట్రిక్కులతో పని పడదు. పక్కనున్న మనిషి చూపు అతన్ని దాటి పోతుంది, అందుకే అతను ఆత్మ అని మనకు తెలుస్తుంది. కాబట్టి మొదటి రూలు: పొగ వద్దు, తెల్లబట్టలు వద్దు, పారదర్శకం అసలే వద్దు.

ఫోను, గట్టి ట్రైపాడ్, సెల్లోటేపు, స్కెచ్ పెన్ను, ఒక బొట్టుబిళ్ల, ఒక కర్ర ఉంటే చాలు. గ్రీన్ మ్యాట్ (వెనక కట్టి, ఎడిటింగ్‌లో తీసేసే ఆకుపచ్చ గుడ్డ) కొనకండి. జుట్టు అంచుల్లో ఆకుపచ్చ మరక పడుతుంది, తల్లో మల్లెపూలున్నాయంటే ఇక చెప్పక్కర్లేదు. మనం చేసేది అంతకంటే పాత పద్ధతి. ఫ్రేములో సగం మూసి ఒకసారి, ఫిల్ము వెనక్కి తిప్పి మిగతా సగం మరోసారి తీసేవాళ్లు. పాత సినిమాల్లో డ్యూయల్ రోల్స్ పక్కపక్కన నిలబడింది ఇలాగే. ఫ్రాన్స్‌లో జార్జ్ మెలియెస్ ఇలాంటి ఉపాయంతోనే 1900లో ఒకే ఫ్రేములో ఏడుగురు వాద్యగాళ్లుగా కనిపించాడు. మనకు కావాల్సింది ఇద్దరే.

ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఒకసారి మంచి టేక్ మధ్యలో ఎవరో లోను కావాలా అని ఫోన్ చేశారు, వైబ్రేషన్‌కి ఫ్రేము జరిగి అంతా వృథా. స్టెబిలైజేషన్ (ఫోను వణుకు సర్దే సెట్టింగు) ఆపండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుగు), వైట్ బ్యాలెన్స్ (రంగు ఛాయ) మూడూ మారకుండా లాక్ చెయ్యండి. సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 వంతు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వేరే షట్టర్ పెడితే లైట్ల కింద చారలు వచ్చే ప్రమాదం ఉంది. ఫ్యాను ఆపండి, కర్టెన్లు కట్టెయ్యండి. కిటికీ వెలుగును నమ్ముకుంటే మొత్తం పావుగంటలో అయిపోవాలి. నేనొకసారి అయిదింటికి ఆవిడ షాట్ తీసి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆయన కోసం ఆరు దాకా ఆగాను. ఆవిడ సగం తెల్లగా, ఆయన సగం పసుపుపచ్చగా వచ్చింది.

ఇద్దరి మధ్యా ఫ్రేములో ఒక గీత ఊహించుకోండి. అది లక్ష్మణరేఖ. చెయ్యి, కొంగు, నీడ ఏదీ దాన్ని దాటకూడదు. ముందు ఖాళీ గదిని ఇరవై సెకన్లు తీసి పెట్టుకోండి, ఎప్పుడో ఒకప్పుడు ఆదుకుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ తగలేసేది చూపు దగ్గరే.

ముందు ఆవిడ షాట్ తీయాలి. భర్త వేషం వేసేవాడు ఆ గదిలోనే ఉండకూడదు. ‘పక్కకి చూడొద్దు’ అని ఆవిడకు చెప్పకండి. చెప్పారంటే మెడ బిగుసుకుపోతుంది. అక్కడేదో ఉందనీ, తను చూడకూడదనీ తెలిసిన కళ్లు వేరు. అక్కడేమీ లేదనుకునే కళ్లు వేరు. కెమెరా ఆ తేడాను పట్టేస్తుంది. చేతికి పనివ్వండి. నేనైతే బట్టలు మడతపెట్టిస్తాను. ఆయన చొక్కా చేతికొచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, తల పక్కకి తిప్పాలి.

ఆ తిప్పిన చూపు దేనిమీద ఆగాలి? ఆయన కూర్చునే చోటికి సూటిగా వెనక, గోడకి ఒక క్యాలెండరు తగిలించండి. ఆవిడ ఆ క్యాలెండర్లో తారీఖు నిజంగా చదవాలి. శూన్యంలోకి చూడమంటే కళ్లు దగ్గరలోనే ఎక్కడో ఆగిపోతాయి, ఆయన్ని చూస్తున్నట్టే ఉంటుంది. దూరంగా ఉన్న అక్షరాలు చదివినప్పుడే చూపు ఆయన్ని దాటుకుని పోయినట్టు కనపడుతుంది.

ఆవిడ లేచేముందు ఫోను తెర మీద సెల్లోటేపు ముక్క అతికించి, ఆవిడ కళ్లు ఎక్కడున్నాయో అక్కడ స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి, బటన్లకి అడ్డం రాకుండా. ఫోను కదలకుండా చూసుకోండి. ఆవిడ తల కింద నేలమీద కూడా టేపు వెయ్యండి. దూరం గుర్తుండాలిగా.

తర్వాత ఆయన. ఇప్పుడు ఆవిడ గదిలో లేదు, కానీ ఆయన ఆవిడ కళ్లలోకే చూడాలి. ఊహించుకో అని వదిలేస్తే చెవిపక్కకో, కొప్పు మీదకో చూస్తాడు. పెళ్లాన్ని చూస్తున్నట్టుండదు, పక్కింటి గోడ చూస్తున్నట్టుంటుంది. కర్రకి బొట్టుబిళ్ల అంటించి నేలమీది టేపు గుర్తు దగ్గర నిలబెట్టండి. తెరమీది చుక్కా, బొట్టూ ఒకదానిమీద ఒకటి రావాలి. మా ఇంట్లో దొరికేది చీపురుకర్రే. దెయ్యం సీనుకి చీపురేంటని నవ్వినవాళ్లున్నారు. నవ్వనివ్వండి, ఆ సగం ఎలాగూ ఎడిటింగ్‌లో పోతుంది.

టైమింగ్ కోసం ఆవిడ టేక్ చూస్తూ మీ గొంతుతోనే రికార్డు చేసుకోండి: ‘చొక్కా తీసింది, ఆగింది, ఇటు తిరిగింది, లేచింది’. ఆయన టేక్‌లో ఇది వినిపించండి. ‘ఇటు తిరిగింది’ అన్నప్పుడు ఆయన మొహం వెలగాలి, నన్నే చూసింది అనుకోవాలి. ఒక్క సెకను. ఆ చూపు క్యాలెండరు కోసమని అర్థమయ్యాక ఆ వెలుగు మెల్లగా ఆరిపోవాలి. ఏడవద్దనండి. కన్నీళ్లు పెట్టుకున్న టేకులు నేను చూడకుండానే డిలీట్ చేస్తాను.

చెయ్యి చేతిలో వేసే షాట్ కూడా కావాలంటారు చాలామంది. వద్దు. జానెడు దూరంలో ఆగిన చెయ్యే బాగుంటుంది, రేఖ కూడా దాటదు.

ఎడిటింగ్ పది నిమిషాల పని. ఎడిటింగ్ యాప్ కైన్‌మాస్టర్ అయినా, డావిన్సీ రిజాల్వ్ అయినా కింద ఆవిడ షాట్, పైన ఆయన షాట్. పైదానికి మధ్య గీత దగ్గర మాస్క్ (ఆయనున్న సగమే కనపడేలా మిగతాది దాచెయ్యడం), అంచుకి కొంచెం ఫెదర్ (అతుకు తెలీకుండా మెత్తబరచడం). ఒపాసిటీ, అంటే పైషాట్ ఎంత గట్టిగా కనపడాలనేది, నూటికి నూరు ఉంచండి. చివర్లో ఆయన వెళ్లిపోవాలంటే అప్పుడు మాత్రం రెండు సెకన్లలో సున్నాకి దించండి, కింద ఖాళీ కుర్చీ సిద్ధంగానే ఉంటుంది. గోడమీద ఆయన నీడ కూడా మాస్క్‌లోకి వచ్చిందో లేదో చూసుకోండి. మనిషి పోయి నీడ మిగిలితే అది వేరే సినిమా.

ఇక ఆపిన ఫ్యాను మళ్లీ వేసి, ఆ చప్పుడు ఒక నిమిషం రికార్డు చేసి షాట్ కింద పరవండి. మ్యూజిక్ పెట్టేముందు ఒక్కసారి ఆ చప్పుడుతోనే చూడండి.