రొమ్ములో మార్పు కనిపించాక ఆలస్యం ఎక్కడ జరుగుతుంది, దాన్ని ఎలా తప్పించుకోవాలి

రొమ్ములో గడ్డ చేతికి తగిలిన స్త్రీ ఆ మాట డాక్టరుకు చెప్పేసరికి వారాలు, ఒక్కోసారి నెలలు గడిచిపోవడం ప్రపంచమంతటా కనిపించే సంగతే. లక్షణం తెలిసిన నాటి నుంచి వైద్యుణ్ణి కలిసే నాటికి మూడు నెలలు దాటితే దాన్ని ఆలస్యంగా లెక్కించే పద్ధతి 1938 నుంచి వైద్యరంగంలో ఉంది. అనేక అధ్యయనాలను కలిపి పరిశీలించి 1999లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, మూడు నెలలు లేదా అంతకుమించి ఆలస్యమైన వారిలో అయిదేళ్లు బతికి ఉన్నవారి శాతం త్వరగా వచ్చినవారితో పోలిస్తే సుమారు 12 తక్కువ.

దీన్ని అజ్ఞానమనో నిర్లక్ష్యమనో కొట్టిపారేయడం తేలిక. చదువుకున్నవారు, ఇంట్లో అందరి ఆరోగ్యమూ కనిపెట్టి చూసేవారు కూడా ఇలాగే ఆగిపోతుంటారు. ఆలస్యం చేయాలని ఎవరూ నిర్ణయించుకోరు. విడివిడిగా చూస్తే సబబుగానే తోచే చిన్న చిన్న వాయిదాలు పోగుపడి నెలలవుతాయి. అందువల్ల త్వరగా వెళ్లమని ఊరికే చెప్పడం పెద్దగా పనిచేయదు. మీరు గానీ, మీ అమ్మగారో అక్కగారో గానీ ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ముందు తెలుసుకుంటే, ఆ మెట్టు దాటడానికి ఏం చేయాలో చెప్పవచ్చు.

ఏమీ కాదులే అనిపించే చోట

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పోయేది ఇక్కడే. నొప్పి ఉంటేనే జబ్బు అనే లెక్క మనలో చాలామందికి ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. తొలిదశలోని గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు, పనికి అడ్డం రాదు, నిద్ర చెడగొట్టదు, కాబట్టి దాన్ని పక్కన పెట్టడం సులువు. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కడం అలవాటైన స్త్రీ కొత్త గడ్డను కూడా ఆ ఖాతాలోనే వేస్తుంది. పాలిచ్చే తల్లి పాలు గడ్డకట్టాయనుకుంటుంది. ముట్లుడిగిన స్త్రీ ఈ వయసులో ఇంకేం వస్తుందిలే అనుకుంటుంది. వయసు పెరిగేకొద్దీ ముప్పు కూడా పెరుగుతుందని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మా వంశంలో ఎవరికీ లేదు కదా అనేది మరో ధీమా. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యు మార్పుల వల్ల వచ్చేవి మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతమేనని అంచనా. జబ్బు వచ్చినవారిలో ఎక్కువమందికి కుటుంబ చరిత్ర ఉండనే ఉండదు.

గడ్డ లేనప్పుడు ఆలస్యం మరీ ఎక్కువవుతుంది, ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ అనగానే అందరి మనసులోనూ గడ్డే మెదులుతుంది. చనుమొన కొత్తగా లోపలికి ముడుచుకుపోవడం, ఒక్క రొమ్ము నుంచే పిండకుండానే రక్తమో నీరులాంటి ద్రవమో కారడం, చేయి పైకెత్తినప్పుడు చర్మం ఒకచోట సొట్టపడడం, చర్మం మందమెక్కి నారింజ తొక్కలా గుంటలు పడడం, ఒక రొమ్ము పరిమాణం మారడం, చంకలో బిళ్ల తగలడం, ఇవన్నీ చూపించుకోవలసినవే. చనుమొన మీదే మొదలై పొట్టు రాలుతూ తామరలా కనిపించే పుండు పేజెట్ వ్యాధి అనే ఒక రకం రొమ్ము క్యాన్సర్ కావచ్చు. చర్మానికి రాసే మందులతో తాత్కాలికంగా తగ్గినట్టు కనిపించడం వల్ల దీన్ని గుర్తించడంలో నెలలు గడిచిపోతుంటాయి. ఇక రొమ్మంతా ఎర్రబడి, వేడెక్కి, వారాల్లోనే ఉబ్బిపోయే ఒక రకం క్యాన్సర్‌లో గడ్డ చేతికి తగలకపోవచ్చు కూడా. అది చూడటానికి ఇన్ఫెక్షన్‌లాగే ఉంటుంది.

ఈ మెట్టు దగ్గర చేయవలసిన పని రాసిపెట్టుకోవడం. వెల్లకిలా పడుకొని, ఆ వైపు చేతిని తలకింద పెట్టుకొని, రెండో చేతి మధ్య మూడు వేళ్లను బల్లపరుపుగా ఆనించి, మొదట తేలికగా, తర్వాత కాస్త గట్టిగా నొక్కుతూ చూడండి. వేళ్ల మధ్య పట్టి పిండితే మామూలు కణజాలం కూడా గడ్డలాగే తోస్తుంది. రెండో రొమ్ములో సరిగ్గా అదే చోట చూసి పోల్చండి. రొమ్మును గడియారంగా ఊహించుకొని "ఎడమవైపు, రెండు గంటల చోట, శనగగింజంత, కదలడం లేదు" అని తేదీతో సహా రాయండి. ఇలా రాసిన రోజు నుంచి "ఈమధ్యే" అనే మాటకు చోటుండదు. మూడు వారాలో మూడు నెలలో కాగితమే చెబుతుంది.

నెలసరి వస్తున్నవారికి, రెండు రొమ్ముల్లోనూ చిన్న చిన్న ఉండలుగా, గట్టిగా తోచి, మిగతా లక్షణాలేవీ లేకపోతే, నెలసరి మొదలైన వారం తర్వాత మళ్లీ చూసుకునే వరకు ఆగవచ్చు. అప్పటికీ అలాగే ఉంటే ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. విడిగా తెలిసే గట్టి గడ్డకు, రక్తస్రావానికి, చర్మంలోనో చనుమొనలోనో కొత్తగా వచ్చిన మార్పుకు, ముట్లుడిగిన తర్వాత కనిపించే ఏ గడ్డకైనా ఈ గడువు వర్తించదు. ఆ వారంలోనే చూపించుకోవాలి.

ప్రతి నెలా ఒక నియమంలా రొమ్ములు పరీక్షించుకోలేదే అని నొచ్చుకునేవారు కొందరుంటారు. అంత బాధ అవసరం లేదు. షాంఘైలో 2 లక్షల 66 వేల మంది మహిళలపై జరిపి 2002లో ఫలితాలు ప్రకటించిన పరిశోధనలో, స్వీయ పరీక్ష నేర్పించినంత మాత్రాన మరణాలు తగ్గలేదు. తన రొమ్ములు మామూలుగా ఎలా ఉంటాయో తెలిసి ఉండటం, తేడా వస్తే కదలడం, ఈ రెండూ చాలు. రెండోది లేకుండా మొదటిది ఎంత శ్రద్ధగా చేసినా ప్రయోజనం లేదు.

భయం ఆపేసే చోట

భయం ఇద్దరిని రెండు రకాలుగా నడిపిస్తుంది. ఒకరు ఆ సాయంత్రమే ఆసుపత్రికి పరుగెడతారు, మరొకరు ఆ గడ్డను మళ్లీ తాకను కూడా తాకరు. ఈ రెండో వర్గంవారికి జబ్బు భయంకరమైనదని ఇంకా చెప్పడం వల్ల నష్టమే జరుగుతుంది. వారు దేనికి భయపడుతున్నారో విడిగా అడగాలి, ఎందుకంటే ఒక్కో భయానికి జవాబు వేరు.

క్యాన్సరని తేలుతుందేమోననే భయానికి జవాబు, డాక్టరు దగ్గరకు వచ్చే గడ్డల్లో అత్యధికం క్యాన్సర్ కావన్నదే. చిన్న వయసులో ఎక్కువగా కనిపించేవి ఫైబ్రోఅడినోమాలు అనే క్యాన్సర్ కాని గడ్డలు, ఆ తర్వాతి వయసులో నీటితిత్తులు. రొమ్ము తీసేస్తారేమోనన్నది మరింత లోతైన భయం, పైకి చెప్పుకోలేనిది కూడా. గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినవారూ, రొమ్మంతా తీసేసినవారూ సమానంగానే జీవించారని ఇటలీలోనూ అమెరికాలోనూ ఇరవయ్యేళ్ల పాటు సాగిన రెండు పరిశోధనలు 2002లో నిర్ధారించాయి. అయితే గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే ఆ అవకాశం ఎక్కువ. రొమ్ము పోతుందని భయపడి ఆగేవారు, ఆగడం వల్లనే దాన్ని పోగొట్టుకునే దిశగా వెళుతున్నారు. ఈ మాటను బెదిరింపుగా కాకుండా నెమ్మదిగా చెప్పగలిగినవారే చెప్పాలి. సూది గుచ్చితే జబ్బు ఒళ్లంతా పాకుతుందన్న భయం నిరాధారం. బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం, చేయకుండా ఏ చికిత్స ఇవ్వాలో తేల్చడం సాధ్యం కాదు. తెలిసినా చేసేదేముంది అనే నిరాశకు కూడా జవాబుంది: వైద్యం సక్రమంగా అందే చోట, తొలిదశలో గుర్తించిన వారిలో 90 శాతానికి పైగా అయిదేళ్లు దాటి జీవిస్తున్నారు.

ఎవరికీ చెప్పకుండా దాచుకునే చోట

గడ్డ కనిపించిన మొదటి వారంలో ఎవరో ఒకరికి చెప్పుకున్న స్త్రీలు, చెప్పుకోనివారికన్నా త్వరగా డాక్టరును కలుస్తారని పరిశోధనల్లో తేలింది. కనుక ఎవరికి చెప్పాలా అని ఎక్కువగా ఆలోచించకండి. కంగారుపడని మనిషి ఎవరైనా సరే. పిల్లల పరీక్షలు, ఇంట్లో శుభకార్యం, ఆఫీసులో సెలవు దొరకకపోవడం, ఇవన్నీ నిజమైన అడ్డంకులే. ఒంటరిగా ఆలోచించేటప్పుడు అవి మరీ పెద్దవిగా కనిపిస్తాయి.

మీతో ఎవరైనా ఈ సంగతి చెబితే, "ఏమీ కాదులే, భయపడకు" అని ఓదార్చకండి. ప్రేమతో అనే మాటే అయినా, ఆమెకు అది మరో నెల ఆగడానికి అనుమతిగా పనిచేస్తుంది. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?" అనే ప్రశ్న అంతకన్నా హాని చేస్తుంది. "అక్కా, చెప్పి మంచి పని చేశావు. గురువారం నాకు కుదురుతుంది, అపాయింట్‌మెంట్ నేను తీసుకుంటాను, ఇద్దరం వెళదాం" అనండి. తోడు వెళ్లే మనిషి, రోజు, వెళ్లే చోటు, ఈ మూడూ ఆ మాటలోనే ఉన్నాయి. ఆమె ఇక తేల్చుకోవలసిందల్లా సరే అనడమే.

సిగ్గు విషయంలో మొహమాటం వద్దు. మహిళా డాక్టరు కావాలని అడగవచ్చు, మగ డాక్టరే ఉంటే నర్సునో మీతో వచ్చినవారినో గదిలో ఉండమనవచ్చు. ఇలా అడగడం ఆసుపత్రిలో ఎవరికీ వింతగా అనిపించదు.

డాక్టరు దగ్గరకు వెళ్లాక

ఆలస్యం గడప దాటగానే అయిపోదు. చాలామంది జలుబుతో మొదలుపెట్టి, లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర అసలు మాట చెబుతారు. కూర్చోగానే మొదటి వాక్యంగా చెప్పండి: "నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది, ఫలానా తేదీన చూసుకున్నాను, నెలసరి అయ్యాక కూడా తగ్గలేదు." రాసిపెట్టుకున్న కాగితం ఇక్కడ అక్కరకొస్తుంది.

గడ్డకు సరైన పరీక్ష మూడు భాగాలుగా ఉంటుంది: డాక్టరు చేత్తో చూడటం, మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్-రే) లేదా అల్ట్రాసౌండ్ స్కాన్, అవసరమైతే బయాప్సీ. నలభైలోపు వయసువారికి సాధారణంగా అల్ట్రాసౌండ్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే దట్టమైన రొమ్ము కణజాలంలో మామోగ్రామ్‌కు గడ్డ స్పష్టంగా కనిపించకపోవచ్చు. అదే కారణం చేత, చేతికి గడ్డ తగులుతున్నప్పుడు మామోగ్రామ్ ఒక్కటీ మామూలుగా వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు. మూడు పరీక్షల ఫలితాలూ ఒకే మాట చెబుతున్నాయా అని అడగండి. ఒకటి వేరుగా ఉంటే తర్వాత ఏం చేస్తారో కూడా అడగండి.

"మీ వయసుకు ఇది రాదు" అనే జవాబు విన్నవారు చిన్న వయసు స్త్రీలలో చాలామందే ఉన్నారు. రావడం అరుదు, రాకపోవడం కాదు. గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు కూడా అల్ట్రాసౌండ్, బయాప్సీ చేయవచ్చు; కాన్పు దాకా, పాలు మాన్పించే దాకా ఆగనక్కరలేదు. ఇన్ఫెక్షన్ అని మందులిస్తే, ఎన్ని రోజుల్లో తగ్గాలో, తగ్గకపోతే ఏ రోజున మళ్లీ రావాలో అక్కడే అడిగి రాసుకోండి. ఒకటి రెండు వారాల యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎరుపు, వాపు ఉంటే స్కాన్, బయాప్సీ అడగాలి. డాక్టరు మాట తృప్తినివ్వకపోతే మరొక డాక్టరుకు చూపించుకోవడం అవిధేయత కాదు.

మొదటిసారి డాక్టరును కలిసిన నాటి నుంచి 60 రోజుల్లోపు రోగ నిర్ధారణ పూర్తికావాలన్నది 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేపట్టిన రొమ్ము క్యాన్సర్ కార్యక్రమం లక్ష్యాల్లో ఒకటి. ఆ 60 రోజులను మీ కాగితం మీద కూడా లెక్కపెట్టుకోండి. రిపోర్టు ఎవరు ఇస్తారో, ఏ రోజున ఇస్తారో పరీక్ష చేసినప్పుడే కనుక్కొని, ఆ రోజు కబురు రాకపోతే మీరే ఫోన్ చేయండి. కబురు రాలేదంటే అంతా బాగుందని అర్థం చేసుకోకూడదు. బయాప్సీలో క్యాన్సర్ కాదని తేలినా, ఆ రిపోర్టులను పడేయకుండా ఒకచోట భద్రపరచండి. అదే చోట గడ్డ పెరిగినా, కొత్త మార్పు వచ్చినా, పాత కొలతలతో పోల్చడానికి డాక్టరు మొదట అడిగేది వాటినే.